నాలుగు మూరల దూరం

“వాడు ఆ మెట్లెక్కి చేతులెత్తాడంటే నేను మెట్లు దిగి బయటికి పోతా. అంతే. ఇంక నాకు శాస్త్రాలు చెప్పకండి రిబ్బీ.”

“ఎక్కడికి పోతావు ఊజీఫా? నువ్వు గడప దాటితే లోపల తొమ్మిదిమంది మిగులుతాం. పదిమంది లేందే దీవెన లేదు. కిప్పూర్ నాడు మన తాతల మందిరంలో దీవెన లేకుండా చేస్తావా?”

“చేసేది నేనా? చేసినవాడు గోడ అవతల రొట్టెలు కాలుస్తున్నాడు. వెళ్ళి వాణ్ణడగండి.”

“మెల్లగా మాట్లాడు. వినిపిస్తుంది.”

“వినపడాలనే.”

వినిపించింది. గోడ అవతలి బట్టీలో నేను రొట్టెల కోసం నిలబడి ఉన్నాను. మందిరానికి సున్నం వేయడానికి వచ్చిన ఊజీఫా, మా మతగురువు రిబ్బి సున్నం పక్కన పెట్టి వాదించుకుంటున్నారు. మా రెండు చోట్లకీ ఒకటే గోడ. ఊజీఫా గొంతు ఇటుకల్లోంచి వస్తున్నట్టు ఉంది. మఖ్లూఫ్ పిండి ముద్దలు చేస్తున్నాడు. అతని చేతులు ఆగలేదు. ఒక ముద్ద, ఇంకో ముద్ద, చెక్క మీద వరస.

“ఇవాళ ఉప్పు తక్కువైంది,” అన్నాడు. “తిని చెప్పు.”

“మామా, వాళ్ళు నీ గురించే…”

“నాకు చెవులున్నాయిరా మసూద్. ఉప్పు సంగతి చెప్పు.”

మా ఊరు చిన్న హారాలో యూదు మగవాళ్ళందరం కోహెన్లమే. అంటే అహరోను వంశపు యాజకులం. యెరూషలేములో దేవాలయం కాలిపోయినప్పుడు అక్కడి యాజకులు కొందరు పడవెక్కి ఈ జెర్బా దీవికి వచ్చారనీ, మేం వాళ్ళ సంతానమనీ మా పెద్దవాళ్ళు చెప్తారు. నిజమో కాదో నన్ను అడక్కండి. నేను ట్యూనిస్‌లో ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి వచ్చి మోటారు సైకిళ్ళు బాగుచేసుకునేవాణ్ణి. కానీ నిజమైనా కాకపోయినా ఆ పేరు మోయక తప్పదు. మిగతా ఊళ్ళలో ఒకరో ఇద్దరో కోహెన్లుంటారు. వాళ్ళు చెప్పులు విప్పి వేదికెక్కి, శాలువా ముఖం మీదికి లాక్కుని, రెండు చేతులూ చాచి జనాన్ని దీవిస్తారు. మా మందిరంలో ఆ జనం లేరు. అందరం దీవించేవాళ్ళమే. పదిమందే ఉంటే పదిమందీ ఎక్కాలి. మరి ఎవర్ని దీవించడం? పొలాల్లో ఉండిపోయిన అన్నదమ్ముల్ని అంటుంది శాస్త్రం. మా అన్నదమ్ములు పొలాల్లో లేరు. పారిస్‌లో ఉన్నారు, ఇజ్రాయెల్‌లో ఉన్నారు. అయినా ఖాళీ నేల మీదికి చేతులు చాచి దీవిస్తాం. జాలీ వెనక నుంచి ఆడవాళ్ళు ఆమెన్ అంటారు.

మామూలు రోజుల్లో ఊళ్ళో మిగిలినవాళ్ళందరం పెద్ద మందిరానికే పోతాం. మా వీధిలోని చిన్న మందిరం మాత్రం కిప్పూర్ నాడు, ఏడాది పాపాలకి క్షమాపణ అడిగే ఉపవాసం నాడు, తెరవాలని మా ముత్తాతల మొక్కు. వీధిలో ఉన్నది సరిగ్గా పదిమందిమి. అందులో ఊజీఫా ఒకడు, మఖ్లూఫ్ ఒకడు.

మఖ్లూఫ్ చేతులు చూడదగ్గవి కావు. చిటికెన వేలు పొయ్యి తలుపులో నలిగి వంకరపోయింది. అరచేతుల నుంచి మోచేతుల దాకా కాలిన మచ్చలు. పొయ్యి కాగిందో లేదో దాని నోట్లో చెయ్యి పెట్టి చెప్పేవాడు. శనివారం నిప్పు ముట్టకూడదు కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం వీధిలో ప్రతి ఇంటి కుండా అతని పొయ్యిలోకే వెళ్ళేది. మూత తీయకుండా, కుండ మీద అరచెయ్యి ఆనించి, “ఇది ఇంకా ఉడకలేదు, ఇది మాడుతోంది,” అనేవాడు. కోహెన్ చేతికి లోపముంటే దీవించకూడదు. జనం దీవెన మాని చెయ్యి చూస్తారట. కానీ ఊరి కళ్ళకి అలవాటైన చెయ్యి అయితే ఫర్వాలేదు. ఈ మాట మఖ్లూఫ్ గర్వంగా చెప్పుకునేవాడు. “నా వేలు వంకరే. మీ కళ్ళే నాకు లైసెన్సు.”

పదమూడో ఏట మొదటిసారి వేదికెక్కాడు. అప్పట్నుంచి జ్వరమొచ్చినా మానలేదు. వేళ్ళు విడదీసి చేతులు చాచినప్పుడు ఆ సందుల్లోంచి దేవుడు తొంగి చూస్తాడని మా నమ్మకం. మేం నమ్ముతామని చెప్పుకుంటాం. మఖ్లూఫ్‌కి అది పక్కింటివాడు గోడ మీదుగా చూసినంత మామూలు సంగతి. “ఇవాళ బాగా దగ్గరికొచ్చాడురా,” అనేవాడు ఒక్కోరోజు, పిండి కలుపుతూ. ఇంకోరోజు, “ఇవాళ రాలేదు. నిన్న పెళ్ళాం మీద అరిచాను, అందుకని.”

ఆ దగ్గరితనం కోసం అతను చేసే జాగ్రత్తలు చూస్తే నవ్వొచ్చేది. కోహెన్‌కి చావు మైల. శవానికి నాలుగు మూరల లోపలికి పోకూడదు. శవమున్న కప్పు కింద ఉండకూడదు, చెట్టు కొమ్మల కింద శవముంటే ఆ కొమ్మల కిందికీ పోకూడదు. కన్నవాళ్ళు, తోబుట్టువులు, పెళ్ళాం బిడ్డలు అయితే వేరు. అందుకే మా ఊళ్ళో ఎవరు పోయినా దీవిలోని ఇంకో యూదుల ఊరు పెద్ద హారా నుంచి కోహెన్లు కాని మనుషుల్ని పిలుస్తాం. ఈ నియమం మాకందరికీ ఉంది. కానీ మఖ్లూఫ్ దాన్ని కంటిపాపలా చూసుకునేవాడు. శ్మశానం గోడ మీదికి వంగిన అత్తిచెట్టు కింద నుంచి పోవాల్సొస్తుందని ఊరంతా చుట్టి వెళ్ళేవాడు. పట్నం ఆసుపత్రికి వెళ్తే వాకిట్లోనే ఆగి, లోపల ఎవరైనా పోయారా అని వాచ్‌మన్‌ని అడిగేవాడు. వాచ్‌మన్ ఒకసారి, “ఇంకా లేదు హాజీ, కాసేపాగి రా,” అన్నాడట.

అతని భార్య మైహా దెప్పుతూ ఉండేది. “నేను పోతే వస్తావా, గోడ మీంచి తొంగి చూస్తావా?”

“పెళ్ళానికి రావచ్చే. శాస్త్రం ఒప్పుకుంటుంది.”

“అబ్బ, నా అదృష్టం.”

ఊజీఫా తమ్ముడు హువాతు. పెళ్ళి కాలేదు, ఉన్నికి రంగులేసేవాడు. మాటలు తక్కువ. నడుస్తూ నడుస్తూ ఆగిపోయి ఆలోచించే అలవాటు. మఖ్లూఫ్‌కి చిన్ననాటి నేస్తం, సాయంత్రాలు ఇద్దరూ బట్టీ అరుగు మీద కూర్చుని అంజూరపు సారా తాగేవాళ్ళు. ఎవరూ పెద్దగా మాట్లాడేవాళ్ళు కాదు.

ఆ వేసవిలో ఆబ్ నెల తొమ్మిదో నాడు, దేవాలయం కాలిపోయిన రోజున, ఊరంతా ఉపవాసం ఉంది. ముందురోజు పొద్దు గూకినప్పట్నుంచి గుక్కెడు నీళ్ళు కూడా తాగకూడదు. ఎండ సంగతి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం దాటాక, ఉపవాసం విడిచేవాళ్ళకి రొట్టె కావాలి కదా అని మఖ్లూఫ్ పొయ్యికి కట్టెలు తేవడానికి తోటలోకి వెళ్ళాడు. ఆలివ్ చెట్టు కింద హువాతు బోర్లా పడి ఉన్నాడు. ముఖం ఒక పక్కకి తిరిగి ఉంది. కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి. నోటి మీద ఈగలు.

“హువాతూ,” అని పిలిచాడు. కొమ్మల అంచు దాకా వెళ్ళి మళ్ళీ పిలిచాడు. కదలలేదు.

మఖ్లూఫ్ వెనక్కి జరిగాడు. కొమ్మల నీడ దాటి ఎండలోకి వచ్చి నిలబడ్డాడు.

అప్పటికి మాకు సెల్‌ఫోన్లు రాలేదు. దారిన మోపెడ్ మీద పోతున్నవాణ్ణి ఆపి, పెద్ద హారాలో సియూన్‌కి చెప్పమన్నాడు. సియూన్ అక్కడ శవాలకి స్నానం చేయించి పాతిపెట్టే మనిషి. “శవముంది, కోహెన్ల తోటలో,” అని చెప్పమన్నాడు. ఆ మాట వల్లనే అంతా జరిగింది. శవమని చెప్తే ఎవరు పరుగెత్తుకొస్తారు? సియూన్ తెల్లగుడ్డలు సర్దుకున్నాడు, బల్ల వేసుకున్నాడు, ఇంకో ఇద్దర్ని పిలిచాడు, వాళ్ళూ ఉపవాసంలో ఉన్నారు కాబట్టి మెల్లగా గాడిద బండి మీద వచ్చారు.

అంతసేపూ మఖ్లూఫ్ ఎండలో కావలి ఉన్నాడు. కుక్కలొస్తే రాయి విసిరాడు. సూర్యుడు వాలుతున్న కొద్దీ చెట్టు నీడ జరిగింది. మొదట హువాతు కాళ్ళ మీద నుంచి, తర్వాత నడుం మీద నుంచి, తర్వాత తల మీద నుంచి. మఖ్లూఫ్ చూస్తూనే ఉన్నాడు. చచ్చినవాడికి ఎండేమిటి అనుకున్నాడు.

సియూన్ వచ్చి బండి దిగాడు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మెడ కింద వేళ్ళు పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత తల ఎత్తి మఖ్లూఫ్ వైపు చూశాడు.

“ఇతను బతికే ఉన్నాడు,” అన్నాడు. “నువ్వు ముట్టుకోనే లేదా?”

పట్నం ఆసుపత్రిలో చీకటి పడే వేళకి హువాతు పోయాడు. డాక్టరు ఊజీఫాని ఒక్కటే అడిగాడట, ఎంతసేపు ఎండలో ఉన్నాడు అని. ఊజీఫా ఆ ప్రశ్న పట్టుకుని ఇంటికొచ్చాడు. ఇప్పటికీ దాన్ని వదల్లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ప్రాణం ఉందేమోనన్న అనుమానం లేశమంత ఉన్నా సరే, కోహెన్ పరుగెత్తాల్సిందే. ప్రధాన యాజకుడైనా సరే, కిప్పూర్ నాడైనా సరే. అంతెందుకు, దిక్కులేని శవమైతే ప్రధాన యాజకుడే చేతులు మైల చేసుకుని పాతిపెట్టాలి. ఇది మా ఊళ్ళో బడి పిల్లలకీ తెలుసు. మఖ్లూఫ్‌కి మా అందరికంటే బాగా తెలుసు. మైల గురించి అంత తెలిసినవాడికి ఇది తెలియదా?

దుఃఖపు వారం అయ్యాక రిబ్బి బూగీద్ అందరి ముందూ అతన్ని అడిగాడు. ఆయన మెత్తని మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు.

“నీకు ఆ క్షణాన అనుమానం కలిగిందా మఖ్లూఫ్? బతికున్నాడేమోనని?”

“లేదు రిబ్బీ.”

“కాస్తైనా?”

“లేదు.”

“అయితే నువ్వు పొరబడ్డావు. చంపలేదు. మనిషిని చంపిన కోహెన్ దీవించడానికి చేతులెత్తకూడదు. పొరబడిన కోహెన్ ఎత్తొచ్చు. ఎత్తాలి.”

ఊజీఫా లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి మఖ్లూఫ్ కూడా పెద్ద మందిరంలో దీవెన వేళకి, “పొయ్యి చూసొస్తా,” అని బయటికి వెళ్ళడం మొదలుపెట్టాడు. అంతమందిలో ఒకడు వెళ్తే ఎవరికి పట్టింది? కానీ కిప్పూర్ నాడు మా చిన్న మందిరంలో ఆ వేషం కుదరదు. మఖ్లూఫ్ బయటికి పోతే తొమ్మిదిమందిమి. మఖ్లూఫ్ ఎక్కితే ఊజీఫా పోతాడు. అప్పుడూ తొమ్మిదిమందిమే. గోడ అవతల అరుపులు దాని గురించే.

కిప్పూర్ ముందురోజు ఒకరి దగ్గరికొకరు వెళ్ళి క్షమించమని అడగడం మా ఆచారం. దేవుడి పట్ల చేసిన తప్పు దేవుడు మాపుతాడు, మనిషి పట్ల చేసింది ఆ మనిషే మాపాలి. ఎక్కువమంది దీన్ని గబగబా కానిచ్చేస్తారు. గుమ్మంలో నిలబడి, “ఏమైనా అనుంటే మన్నించు,” “నువ్వూ మన్నించు,” అని రెండు ముక్కలు, తర్వాత భోజనం. ఆ మధ్యాహ్నం నేను ఊజీఫా ఇంటి ఎదురుగా వీధిలో ఒక కార్బురేటర్ విప్పి కూర్చున్నాను. మఖ్లూఫ్ వచ్చాడు. చేతిలో ఏమీ లేదు. తలుపు కొట్టాడు.

ఊజీఫా తీశాడు. లోపలికి రమ్మనలేదు. మఖ్లూఫ్ గడప ఇవతలే నిలబడి ఏదో చెప్పాడు, నాకు వినపడనంత మెల్లగా. కాసేపు చెప్పాడు. ఊజీఫా ముఖం నాకు కనపడుతూనే ఉంది. మొదట కోపంగా ఉంది. తర్వాత ఆ కోపం పోయింది. దాని బదులు ఏమీ రాలేదు.

“విన్నాను,” అన్నాడు ఊజీఫా. “ఇంక వెళ్ళు.”

“మన్నించమని అడగడానికి…”

“విన్నానన్నాగా. వెళ్ళు.”

మఖ్లూఫ్ వెళ్తూ నా దగ్గర ఆగాడు. చేతులకి గ్రీజు ఉందని నేను లేవలేదు. “బాగవుతుందా ఇది?” అన్నాడు కార్బురేటర్ చూసి. కష్టం అన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు.

కిప్పూర్ నాడు పొద్దున మందిరంలో పన్నెండుమందిమి. ఊజీఫా బావమరిదీ, అతని కొడుకూ పారిస్ నుంచి వచ్చారు. వాళ్ళు కోహెన్లు కాదు, కింద నిలబడి దీవెన అందుకుంటారు. అదృష్టం అనుకున్నాం. దీవెన వేళకి మఖ్లూఫ్ మామూలుగానే లేచి పెరట్లోకి వెళ్ళాడు. పండగ నాడు పొయ్యి లేదు కదా, ఈసారి ఏ వంకా చెప్పలేదు. మేం తొమ్మిదిమందిమి ఎక్కి దీవించి దిగాం. మధ్యాహ్నం కూడా అంతే.

ఆ మధ్యలో ప్రధాన యాజకుడి సేవ చదివాం. దేవాలయం ఉన్న రోజుల్లో ఆయన ఏడాదికొక్క రోజు, ఆ ఒక్క రోజే, తెర దాటి అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్ళేవాడు. అందుకోసం వారం ముందే ఆయన్ని ఇంటి నుంచి, పెళ్ళాం నుంచి, అందరి నుంచి విడదీసి ఒక గదిలో ఉంచేవాళ్ళట, ఏ మైలా తగలకుండా. చిన్నప్పట్నుంచీ ప్రతి ఏడూ వింటున్నదే. దేవుడికి దగ్గరవ్వాలంటే ముందు మనుషులకి దూరం జరగాలని మాకు పాలతో పాటు పోశారు. ఆ ఏడు రిబ్బి అది చదువుతుంటే నా కళ్ళు మఖ్లూఫ్ మీదికే పోయాయి. ఆ చోటికి రాగానే అందరం నేల మీద సాష్టాంగపడతాం. పడ్డాం. లేచాం. మఖ్లూఫ్ చివర లేచాడు. నుదుటి మీద రాతి గీత పడింది.

ఎండ వాలాక, ఉపవాసానికి ఊజీఫా బావమరిదికి కళ్ళు తిరిగాయి. కొడుకు చేయి పట్టుకుని హోటల్‌కి తీసుకుపోయాడు. ముగింపు ప్రార్థనకి పదిమందిమే మిగిలాం.

ఆకాశపు తలుపులు మూసుకునే వేళ అంటాం దాన్ని. పొద్దు గూకే లోపు దీవెన అయిపోవాలి. వేదికెక్కాలనుకున్న కోహెన్, దానికి ముందొచ్చే ఒక ప్రార్థనలో నిలబడ్డ చోటు నుంచి కాలు కదపాలి. ఒక్క అడుగైనా చాలు. అప్పుడు కదలనివాడు తర్వాత ఎక్కడానికి లేదు. ఆ ప్రార్థన వచ్చింది. మేమందరం చెప్పులు విడిచి కదిలాం. ఊజీఫా కూడా కదిలాడు, మెడ తిప్పి మఖ్లూఫ్‌నే చూస్తూ.

మఖ్లూఫ్ స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. చెప్పులు విప్పి ఉన్నాయి. పాదాలు రాతి మీద ఉన్నాయి. రిబ్బి ఆ ప్రార్థన చివరి మాట దగ్గర ఆగాడు. కిటికీలో వెలుగు ఎర్రబడింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు.

“మఖ్లూఫ్,” అన్నాడు మెల్లగా. ప్రార్థన మధ్యలో పేరు పెట్టి పిలవకూడదు. పిలిచాడు.

మఖ్లూఫ్ తల అడ్డంగా ఊపాడు. జాలీ వెనక మైహా, “కదులు,” అంది, మామూలు గొంతుతో, ఇంట్లో నీళ్ళ బిందె తెమ్మన్నట్టు. “కదులయ్యా.” అతను కదలలేదు.

రిబ్బి ఆ మాట పూర్తి చేశాడు.

మేం వేదిక మీద వరసగా నిలబడ్డాం. నా కుడి పక్క ఊజీఫా. శాలువాలు ముఖాల మీదికి లాక్కున్నాం. దీవించే ముందు కోహెన్ ఒక మాట చెప్పాలి, తన జనాన్ని ప్రేమతో దీవించమని దేవుడు ఆజ్ఞాపించాడని. హీబ్రూలో దాని చివరి మాట ‘ప్రేమతో’. జనం మీద పగ ఉన్నవాడు ఆ మాట అనకూడదు, అంటే వాడికే ముప్పు అంటారు. ఏ ఏడూ ఇది మాకు అడ్డం కాలేదు. కింద ఎవరూ ఉండరు కదా. ఖాళీ నేలని ప్రేమించడం తేలిక. ఆ ఏడు కింద ఒకే ఒక్క మనిషి ఉన్నాడు.

అందరం చెప్పడం మొదలుపెట్టాం. నా పక్క గొంతు ఆ చివరి మాట ముందు ఆగిపోయింది. శాలువా కింద ఏమీ కనపడదు. భుజానికి తగులుతున్న వెచ్చదనం పోయింది, అంతే తెలిసింది. తర్వాత చెక్క మెట్ల మీద ఒట్టి పాదాల చప్పుడు, ఒకటి, రెండు, మూడు. ఊజీఫా దిగాడు.

బయటికి పోతాడనుకున్నాను. తలుపు చప్పుడు కోసం విన్నాను. రాలేదు.

మేం ఎనిమిదిమందిమి దీవించాం. జాలీ వెనక నుంచి ఆమెన్ వచ్చింది. కింద నుంచి కూడా ఒక ఆమెన్ వచ్చింది. ఒకటే. అది ఎవరిదో నాకు తెలియదు. శాలువా తీసేసరికి స్తంభానికి ఇటు మఖ్లూఫ్, అటు ఊజీఫా నిలబడి ఉన్నారు. మధ్యలో స్తంభం. ఒకరినొకరు చూసుకోలేదు.

కొమ్ము ఊదారు. ఉపవాసం అయిపోయింది. ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళారు.

ఆ తర్వాత ఊజీఫా ఎప్పుడూ వేదికెక్కలేదు. మఖ్లూఫ్ సంగతి సరే. ఇద్దరు కోహెన్లు పోయారు మాకు, చావకుండానే. మరుసటి ఏడు ఆ మందిరం తెరవలేదు.

కిప్పూర్ మర్నాడు పొద్దున బట్టీకి వెళ్ళాను. ఆకలేసి కాదు, ఉక్రోషంతో. పొయ్యి అప్పుడే అంటుకుంటోంది. మఖ్లూఫ్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

“రిబ్బి ఎక్కమన్నాడు కదా మామా. ఎందుకు కదల్లేదు? నీ వల్ల ఊజీఫా కూడా దిగిపోయాడు. అంత పంతమెందుకు?”

“పంతమా,” అన్నాడు. “రిబ్బి శాస్త్రం చూసి చెప్పాడురా. ఆయన ఆ చెట్టు దగ్గర లేడు.”

“నువ్వు చెప్పిందే కదా ఆయన విన్నది.”

“అదే. నేను చెప్పింది విన్నాడు.” వంకర వేలు రెండో చేత్తో నొక్కుకుంటున్నాడు. “పెదవి కదిలింది. ఎండ ముఖం మీదికి వచ్చినప్పుడు. చూశాను. ఈగ వాలితే కదిలిందిలే అనుకున్నా. కాదు, అనుకోలేదు. అనుకోవాలనుకున్నా. వెళ్ళి చూశాక నిజంగానే పోయుంటే నేను మైలపడతా కదా. ఇన్నేళ్ళు ఒక్కసారి కూడా పడలేదు. అది లెక్కేసుకున్నాను, అక్కడ నిలబడి. వాడి ప్రాణం ఒక పక్క, నా శుద్ధి ఒక పక్క.”

పొయ్యిలో కట్టె చిటపటమంది.

“ఇది ఊజీఫాకి…”

“మొన్న వెళ్ళి చెప్పానుగా. వాడు ఊళ్ళో అరిచి చెప్పొచ్చు. చెప్పలేదు.” లేచి పొయ్యి నోట్లో చెయ్యి పెట్టి చూశాడు. “ఇంకా కాగలేదు.”

ఈ సంగతి రాయమని అతను అనలేదు. రాయొద్దనీ అనలేదు. ఆ మాటకొస్తే ఆ రోజు నేనేం మాట్లాడానో గుర్తు లేదు. దేవుడు మన్నిస్తాడులే అనో ఏదో చచ్చు మాట అని ఉంటాను. మఖ్లూఫ్ అది విన్నట్టు లేడు. “దేవుడు నన్ను చూసింది వేళ్ళ సందుల్లోంచి కాదురా,” అన్నాడు. “ఆ రోజు ఆ చెట్టు కింద నుంచి చూశాడు. సగం కళ్ళతో.”

నేను వెళ్ళబోతుంటే పిలిచాడు.

“ఒరేయ్ మసూద్. నువ్వూ కోహెన్‌వే, నాకు తెలుసు. అయినా అడుగుతున్నా. ఎప్పుడో ఒకరోజు మఖ్లూఫ్ పోయాడని ఎవరో వచ్చి చెప్తారు. పెద్ద హారాకి కబురు పంపకముందు నువ్వు లోపలికి రా. గుమ్మంలో ఆగకు. దగ్గరికొచ్చి ఇక్కడ, మెడ కింద, చెయ్యి పెట్టి చూడు. చల్లబడేదాకా తియ్యకు.”